కాఫీ ఇచ్చిన ఇల్లు

వేడ్ హట్టో చిన్నప్పుడు బీట్‌రూట్ తినేవాడు కాదు.

మా అక్క లర్లీన్ ఊరి బడి వంటశాలలో పనిచేసి రిటైరయింది. ఏ పిల్లవాడు ఏది తినకుండా వదిలేస్తాడో ఆమెకు ముఖం చూస్తే తెలిసేది. వేడ్ పళ్ళెంలో బీట్‌రూట్ ముక్కలు ఓ మూలకు నెట్టి ఉంటే, టీచరు చూడకముందే వాటిని తీసేసి ఇంకో మొక్కజొన్న రొట్టె ముక్క పెట్టేది. తెల్లవాళ్ళ పిల్లవాడు. తండ్రి లేడు. తల్లి రొయ్యల షెడ్డులో పొద్దుగూకేదాకా పనిచేసేది. ఆ పిల్లవాడే పెద్దవాడై మా కౌంటీ షెరీఫు దగ్గర పోలీసు ఉద్యోగంలో చేరాడు. నవంబరులో వాన పడుతున్న ఒక మధ్యాహ్నం మా వరండా మెట్లెక్కి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. వెనక ఇంకో పోలీసు, మాకు తెలియని మనిషి.

అమెరికా దక్షిణాదిలో, మా వైపు నల్లవాళ్ళ ఇళ్ళలో వచ్చిన మనిషిని వరండాలో నిలబెట్టి మాట్లాడరు. పాస్టరైనా, పాత పగవాడైనా గడప దాటించి కూర్చోబెట్టి, నోట్లో ఏదో ఒకటి పడ్డాకే మాట. బయటనుంచి బయటికే పంపిన మనిషి ఇంటి మంచిని తనతో పట్టుకుపోతాడని మా అమ్మ అనేది. అమ్మ ఇంకొకటి కూడా నేర్పింది. వచ్చింది పోలీసయితే మర్యాద రెండింతలు చెయ్యాలి. చేతులు కనబడేలా పెట్టుకోవాలి. గొంతులో తేనె ఉండాలి.

ఆ రోజు కారు చప్పుడు వినగానే అక్క ఏప్రను విప్పి కుర్చీ వీపు మీద వేసింది. నా వైపు ఒకసారి చూసింది. నేను చదువుతున్న పుస్తకం మూసి రెండు చేతులూ బల్ల మీద పెట్టాను. ఇద్దరం డెబ్భై దాటినవాళ్ళం. అమ్మ పోయి ఎన్నో ఏళ్ళయింది. అయినా ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

"మిస్ లర్లీన్, లోపలికి రావచ్చా?" అన్నాడు వేడ్.

"వానలో నిలబడి అదేం ప్రశ్న బాబూ. కాళ్ళు తుడుచుకుని రా."

వాడు కాళ్ళు తుడుచుకున్నాడు. ఆ సంగతి తర్వాత కోర్టులో చాలాసార్లు వచ్చింది. అక్క వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి కాఫీ పోసింది. కప్పు తెచ్చి వేడ్ ముందు పెట్టేదాకా అది సాసర్లో గలగలమంటూనే ఉంది. నాకది వినబడింది. వేడ్‌కి కూడా వినబడే ఉంటుంది. వాడు తన తల్లి ఆరోగ్యం గురించి, చర్చి పైకప్పు గురించి మాట్లాడి, క్విన్సీ ఇంట్లో ఉన్నాడా అని అడిగాడు. టైర్ల దుకాణంలో పనికి వెళ్ళాడని చెప్పింది అక్క. అలాగయితే ఊరికే ఒకసారి ఇల్లు చూసి పోతాం, మీకేమీ అభ్యంతరం లేదు కదా అన్నాడు.

"చూసుకో నాయనా. ఇల్లు సర్దలేదు, ఏమీ అనుకోకు" అంది అక్క.

క్విన్సీ అక్క మనవడు, పోయిన కొడుకు కొడుకు. వాడి గదిలో మంచం కింద పోలీసులకు ఒక సంచి దొరికింది. జిప్పు సగం తీసి ఉంది. లోపల పిస్తోలు, పొట్లాలు కట్టిన మత్తుపొడి. ఆ సంచి వాడిది కాదు. స్నేహితుడెవడో దాచమని ఇచ్చాడు. సంచిలో ఏముందో మాత్రం వాడికి తెలుసు. నేను లేనిది చెప్పను. పందొమ్మిదేళ్ళప్పుడు వాడు ఒక దొంగతనంలో పట్టుబడి జైలుకు పోయొచ్చాడు. అలాంటివాడి దగ్గర పిస్తోలు దొరికితే మా రాష్ట్రంలో శిక్ష చాలా పెద్దది. మత్తుపొడి కూడా తోడయితే చెప్పక్కరలేదు. వాడు బయటికి వచ్చేసరికి నడివయసు దాటుతుంది. మేమిద్దరం మట్టిలో ఉంటాం.

క్విన్సీ గురించి ఒక మాట చెప్పాలి. వాడు గిన్నెలు కడుగుతూ శ్రుతి తప్పి పాడేవాడు. నేను బడికి వెళ్ళింది చాలా కొద్దికాలం. చదువంతా చర్చి గదిలో పాత పేపర్లతో, లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ గోడకు ఆనించి పెట్టుకున్న పుస్తకాలతో వచ్చింది. క్విన్సీ నన్ను "ప్రొఫెసర్" అని పిలిచేవాడు. లైబ్రరీవాళ్ళు పారేసే పుస్తకాలు అట్టపెట్టెలో మోసుకొచ్చి, "ప్రొఫెసర్‌గారూ, మీ కూరగాయలొచ్చాయి" అనేవాడు.

వాడిని దుకాణం దగ్గరే పట్టుకున్నారు. మేము చూడలేదు. చేతులకు టైర్ల నల్లరంగు కడుక్కోనైనా కడుక్కోనివ్వలేదని పక్కవాళ్ళు చెప్పారు. నాకు చిన్నప్పటి నుంచి ఒక అలవాటు ఉంది. వెళ్ళిపోయిన ప్రతి మనిషి చేతిలో ఏముందో నాకు గుర్తుండిపోతుంది. మా అన్న డెట్రాయిట్ బస్సెక్కినప్పుడు వేయించిన కోడి ముక్కలున్న చెప్పుల పెట్టె. నా భర్తను ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు కళ్ళజోడు. క్విన్సీ విషయంలో ఆ నల్లరంగు మిగిలింది.

క్విన్సీ తరఫున వాదించడానికి ప్రభుత్వం ఇచ్చిన వకీలు మిస్ బోస్టిక్ అనే అమ్మాయి. చాలా కేసులు నెత్తిన పడి ఎప్పుడూ పరిగెడుతున్నట్టు ఉండేది గానీ మా మాట వినేది. ఆమె మొదటి రోజే చెప్పింది: ఈ కేసంతా ఆ సంచి మీద ఉంది. పోలీసులు వారెంటు లేకుండా వచ్చారు. అక్క ఒప్పుకోబట్టి లోపల వెతికారు. ఆ ఒప్పుకోలు చెల్లదని జడ్జిగారు అంటే, సంచి కోర్టులోకి రాదు. సంచి రాకపోతే కేసు లేదు, క్విన్సీ ఇంటికి వస్తాడు. ఒప్పుకోలు చెల్లుతుందంటే ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు.

నేను ఇంటికొచ్చి రాజ్యాంగం తీశాను. నాలుగో సవరణ నాకు ఇంచుమించు కంఠస్థం. ప్రజలకు తమ శరీరాలలో, ఇళ్ళలో, కాగితాలలో భద్రంగా ఉండే హక్కు ఉందనీ, అకారణంగా సోదా చెయ్యకూడదనీ అందులో ఉంది. ఇంతకంటే తేటగా ఎవరు రాస్తారు? మర్నాడు అది పట్టుకుని మిస్ బోస్టిక్ దగ్గరికి వెళ్ళాను. ఆమె నవ్వలేదు. ఆ వాక్యం అందరిదీ, కానీ దాని అర్థం జడ్జీలది అంది. రెండు వందల ఏళ్ళుగా ఒక్కొక్క కేసులో ఒక్కొక్క జడ్జి ఆ వాక్యం ఎంతవరకు పోతుందో, ఎక్కడ ఆగుతుందో చెబుతూ వచ్చారు. వాక్యం చదవడం కాదు మిస్ ఐడెల్లా, దాని మీద పేరుకున్నది చదవాలి అంది.

అప్పటి నుంచి నేను కోర్టు భవనం నేలమాళిగలో ఉన్న లా లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడివాళ్ళు నన్ను ఆపలేదు, సాయమూ చెయ్యలేదు. బైబిల్లో ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, అతడు మరొకణ్ణి కనెను అని పేజీలకు పేజీలు పోతుంది చూడండి, ఆ తీర్పులూ అలాగే ఉంటాయి. ఈ కేసు ఆ కేసును చూపిస్తుంది, అది ఇంకా పాతదాన్ని చూపిస్తుంది. ప్రతి తీర్పూ తన తాత పేరు చెప్పుకున్నాకే నోరు విప్పుతుంది.

వాటిల్లో ఒకటి మమ్మల్ని ముంచేదిగా ఉంది. యాభై ఏళ్ళ కిందటిది. రోడ్డు మీద పోలీసు ఒక కారును ఆపి, డిక్కీ చూడవచ్చా అని అడిగితే లోపలివాళ్ళు తీసి చూపించారు. కాదనే హక్కు నీకుంది అని పోలీసు ముందుగా చెప్పాల్సిన పనిలేదని దేశపు పెద్ద కోర్టు అంది. మనిషి తన ఇష్టంతో ఒప్పుకున్నాడా, భయంతో ఒప్పుకున్నాడా అన్నది మాత్రం పరిస్థితులన్నీ కలిపి చూడాలట.

ఇంకొకటి మమ్మల్ని తేల్చేదిగా ఉంది. అది ఇంకా పాతది. మాలాంటి దక్షిణాది రాష్ట్రంలోనే మట్టిరోడ్డు చివర ఒక ఇల్లు. అందులో ఒక నల్లజాతి వితంతువు, ఆమె మనవడు. తెల్ల పోలీసులు వచ్చారు. ఆమె తలుపు తీసి చూసుకోమంది. తుపాకీ దొరికింది. పెద్ద కోర్టు ఆ ఒప్పుకోలు చెల్లదంది. అది మళ్ళీ మొదటినుంచి చదివాను. బల్ల మీద తల ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాను. ఆ ముసలామె మా అక్కే అనిపించింది. ఆమె మనవడు మా క్విన్సీయే అనిపించింది.

మిస్ బోస్టిక్‌కు అది ముందే తెలుసు. మన ఆశంతా దానిమీదే అంది. కానీ అక్కడ పోలీసులు మా దగ్గర వారెంటు ఉంది అని చెప్పారు, అందుకే ఆమె కాదనలేకపోయింది. ఇక్కడ వేడ్ అలా ఏమీ చెప్పలేదు. కాబట్టి మిస్ లర్లీన్‌కు ఆ క్షణంలో ఎలా అనిపించిందో ఆమె నోటితో చెప్పాలి. నిజం ఏదయితే అది.

ఆ సాయంత్రం నేను అక్కతో మాట్లాడాను. ఆమె బెండకాయలు తరుగుతోంది. భయమేసిందని చెప్పు అన్నాను. ఆమె కత్తి ఆపలేదు.

"వేడ్ హట్టోకి భయపడ్డానని చెప్పమంటావా? బీట్‌రూట్ చూస్తే ఏడ్చినవాడికి?"

"నీ చేతిలో కప్పు గలగలలాడింది అక్కా. నేను విన్నాను."

"ఆ సాసరు పగుళ్ళిచ్చింది. ఎప్పుడూ అంతే."

ఆ సాసరు పగుళ్ళివ్వలేదు. నేను మళ్ళీ ఒకటి రెండుసార్లు అన్నాను. చివరికి ఆమె కత్తి బల్ల మీద పెట్టి నా ముఖంలోకి చూసింది. బతుకంతా తలవంచుకునే పనిచేశాననీ, తెల్ల మేడమ్ముల ఇళ్ళలో, బడిలో, బస్సులో అందరికీ సరే సరే అంటూ వచ్చాననీ అంది. ఈ గుమ్మం ఒక్కటే తనది. ఇక్కడ తను ఎవరికీ భయపడి ఏదీ చెయ్యలేదు. వచ్చినవాడికి కాఫీ ఇచ్చింది తన ఇష్టంతోనే. అది కూడా తీసేస్తే తనకేం మిగులుతుంది?

నేను ఆమె తరిగిన బెండకాయలు గిన్నెలోకి ఎత్తాను.

విచారణ రోజు అక్క నీలం గౌను, చర్చికి పెట్టుకునే టోపీ వేసుకుంది. క్విన్సీ నారింజరంగు జైలు బట్టల్లో కూర్చున్నాడు. అక్కను చూసి కళ్ళతోనే టోపీ బాగుందన్నట్టు సైగ చేశాడు. వేడ్ హట్టో గోడ పక్కన కూర్చుని బూట్లకేసి చూసుకుంటున్నాడు.

క్విన్సీకి ఎదురు వాదించే ప్రభుత్వ వకీలు మెత్తని మనిషి. అక్కను మేడమ్ అని పిలిచాడు. వేడ్ గొంతు పెంచాడా అని అడిగాడు. లేదంది. తుపాకీ మీద చెయ్యి వేశాడా అంటే లేదంది. వస్తూ ఏం చేశాడంటే కాళ్ళు తుడుచుకున్నాడంది. మిస్ బోస్టిక్ లేచి, కాదనవచ్చని మీకు తెలుసా మిస్ లర్లీన్ అని అడిగింది.

"కాదనడమేమిటమ్మా, బయట వాన పడుతోంది" అంది అక్క.

కోర్టులో ఎవరో సన్నగా నవ్వారు. మిస్ బోస్టిక్ నీళ్ళు తాగి, చివరి ప్రశ్న నెమ్మదిగా అడిగింది. మీకు ఆ క్షణంలో భయమేసిందా?

అక్క ముందు క్విన్సీని చూసింది. తర్వాత వేడ్‌ని చూసింది. తర్వాత టోపీ సరిచేసుకుని నిటారుగా కూర్చుంది. అప్పుడే నాకు తెలిసిపోయింది.

"నా గుమ్మంలో నాకెవరన్నా భయం లేదండీ" అంది.

నన్ను కూడా బోనెక్కించారు. కప్పు సంగతి చెప్పాను. ప్రభుత్వ వకీలు మీ అక్క వయసెంత అని మర్యాదగా అడిగి, ఆ వయసులో చేతులు వణకవా అన్నాడు. వణుకుతాయి అన్నాను. కూర్చోమన్నారు.

సంచి కోర్టులోకి వచ్చింది. క్విన్సీకి శిక్ష పడింది. పక్కగదిలోకి తీసుకెళ్ళబోయే ముందు ఒక్క నిమిషం ఇచ్చారు. "ప్రొఫెసర్, పొయ్యి ఆపి వచ్చావా?" అన్నాడు వాడు. అది మా ఇంట్లో నన్ను ఏడిపించే మాట. నాకు ఆందోళన ఎక్కువ, ఎక్కడికి బయల్దేరినా వెనక్కి వెళ్ళి పొయ్యి చూస్తాను. వాడు నా వైపే చూస్తూ అడిగాడు. సంకెళ్ళు తప్ప ఈసారి వాడి చేతుల్లో ఏమీ లేదు.

రాష్ట్ర పై కోర్టుకు అప్పీలు వెళ్ళింది. ఏడాది దాటాక తీర్పు వచ్చింది. నేలమాళిగలో కూర్చుని చదివాను. నేను కనిపెట్టిన ముసలామె కేసు అందులో ఉంది. దాని గురించి ఎంతో గౌరవంగా రాశారు. రాసి పక్కన పెట్టేశారు. అక్కడ పోలీసులు వారెంటు ఉందన్నారు, ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు, కాబట్టి అది దీనికి వర్తించదు అన్నారు. తర్వాత డిక్కీ కేసు వచ్చింది. దాని వెనక దాని పిల్లలు, మనవలు వరసగా వచ్చారు. చివర్లో మా అక్క వచ్చింది. ఇంటి యజమానురాలు అధికారులను ఆదరంగా లోపలికి పిలిచిందనీ, కాఫీ ఇచ్చిందనీ, ఇల్లు సర్దలేదని క్షమాపణ కూడా చెప్పుకుందనీ రాశారు. ఒత్తిడిలో ఉన్న మనిషి ప్రవర్తన ఇలా ఉండదని తేల్చారు.

ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఆ రాసినాయన ఎప్పుడూ మాలాంటి ఇంట్లో పెరిగి ఉండడు. మా అమ్మ పోలీసును చూస్తే మొక్కజొన్న చేను వంకరగా పెరిగినందుకు కూడా క్షమాపణ చెప్పేది. భయపడ్డవాళ్ళు చేసే మొదటి పని అదే.

పైన ఇంకొక కోర్టు ఉంది. అది మా కేసు విననంది.

మిస్ బోస్టిక్ ఇంటికొచ్చి చెప్పింది. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. ఇంకో మాట కూడా ఉంది, ఎవరో చెప్పేకన్నా నేనే చెప్పడం మంచిది అంది. పై కోర్టు కొన్ని తీర్పులు ఆ కేసువరకే రాస్తుంది. కొన్నిటిని పుస్తకంలో అచ్చు వేయిస్తుంది, కింది జడ్జీలంతా పాటించాలని. మాది అచ్చు వేయించింది. ఇక మీ కేసు మీది కాదు మిస్ ఐడెల్లా అంది. ఇక అందరూ దాన్ని ఫెనెల్ కేసు అంటారట. ఫెనెల్ మా బావ ఇంటిపేరు, క్విన్సీదీ అదే. చర్చిలో ఒక బల్ల మీద, శ్మశానంలో కొన్ని రాళ్ళ మీద తప్ప ఎక్కడా లేని పేరు.

నేను అక్కకు ఆ సంగతి చెప్పలేదు.

క్విన్సీని చూడ్డానికి బస్సు మీద వెళ్ళేవాళ్ళం. చాలా దూరం. వాడు లావయ్యాడు, జైలు తిండి. మొదటిసారి వెళ్ళినప్పుడు అక్క ఏమీ మాట్లాడలేకపోతే, వాడే నవ్వించడానికి చూశాడు.

"ఈసారి ఎవరొచ్చినా ఇంట్లో ఎవరూ లేరని నువ్వే చెప్పు నాయనమ్మా."

అక్క నవ్వింది. నిజంగానే నవ్వింది. తిరుగుప్రయాణంలో మాత్రం బస్సు కిటికీకే ముఖం పెట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చిన మర్నాడు ముందుగదిలోంచి రెండు కుర్చీలు, చిన్నబల్ల వరండాలోకి జరిపించింది. అప్పటి నుంచి మా ఇంట్లోకి మూడో మనిషి రాలేదు. ఎవరొచ్చినా అక్క బయటికి వచ్చి, వెనక తలుపు దగ్గరగా వేసి, వరండాలోనే కూర్చోబెట్టేది. కాఫీ, కేకు అన్నీ అక్కడికే వచ్చేవి. మా పాస్టరు చలికాలంలో కోటు విప్పకుండా వణుకుతూ ప్రార్థన చేసి వెళ్ళేవాడు. ఊళ్ళో కొందరు ఆమెకు మతి తప్పిందన్నారు. పెట్టే చెయ్యి మారలేదు, చోటు మారిందంతే అని నేను సర్దిచెప్పేదాన్ని.

పోయిన మార్చిలో ఒక మధ్యాహ్నం మాకు తెలియని కారు వచ్చి ఆగింది. ఒక పడుచు దిగింది. నర్సులు వేసుకునే బట్టల్లోనే ఉంది. తన పేరు షనీస్ అనీ, మూడు కౌంటీల అవతలి నుంచి వచ్చాననీ చెప్పింది. ఫెనెల్ వాళ్ళ ఇల్లు ఇదేనా అని అడిగింది. అక్క ఆమెను వరండాలో కూర్చోబెట్టి కాఫీ, చిలగడదుంప తీపి రొట్టె తెచ్చింది. ఆ అమ్మాయి కాఫీ వైపు చూసి, అందులో ఏదో పడ్డట్టు ముఖం పెట్టింది.

"మీరేనా కాఫీ ఇచ్చింది?" అని అడిగింది.

అక్కకు అర్థం కాలేదు. నాకు అర్థమయింది. ఇక దాచడం కుదరలేదు.

షనీస్ తమ్ముడిని ఇంట్లోనే పట్టుకున్నారు. పోలీసులు వచ్చి చూడవచ్చా అన్నారు, ఆమె చూడమంది. ఆమె ఒప్పుకోలు చెల్లదని వాదిద్దామని తమ్ముడి వకీలు చూశాడు. అవతలి వకీలు లేచి, ఫెనెల్ కేసు ప్రకారం చెల్లుతుంది అన్నాడు. జడ్జి కూడా ఫెనెల్ అన్నాడు. ఎవరీ ఫెనెల్ అని ఆమెకు కోపం వచ్చింది. వెతుక్కుంటూ వచ్చింది. వస్తూ దారంతా ఏమేం తిట్టాలో అనుకుంటూ వచ్చానని చెప్పింది. చెప్పి, ముందుకు వంగింది.

"ఎందుకిచ్చారండీ కాఫీ?"

అక్క ఆమెను చాలాసేపు చూసింది.

"నువ్వేమిచ్చావు?"

షనీస్ వెనక్కి జారగిలబడింది. "మంచినీళ్ళు" అంది. "ఎండగా ఉంది."

అక్క తల ఊపింది. రొట్టె పళ్ళెం ఆమె దగ్గరికి జరిపింది. ఇద్దరూ తిన్నారు. పెకాన్ చెట్టు మీద గాలికి ఏదో కొమ్మ కిర్రుమంది. అక్క చెయ్యి ఒళ్ళో ఉంది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఉంది.

షనీస్ కోపం దిగిపోయాక ఇంకా చిన్నపిల్లలా కనిపించింది. పై కోర్టులో నన్ను మళ్ళీ అడుగుతారు కదా, అప్పుడేం చెప్పమంటారు అని అడిగింది.

"భయమేసిందని చెప్పు" అంది అక్క.

"భయమెయ్యలేదండీ. ఇంటికొచ్చినవాళ్ళకి మర్యాద చేశానంతే."

"రెండూ ఒకటే తల్లీ. నాకు తెలిసేసరికి పిల్లవాడు జైలుకు పోయాడు."

ఆ మాట అక్క నోట నేను మొదటిసారి విన్నాను. కోర్టులో కావలసిన మాట అదే. ఒక్క మాట. ఇప్పుడు వరండాలో, ముగ్గురు ఆడవాళ్ళ మధ్య పడి ఉంది. పై కోర్టులో ఎవరూ ఎవరినీ మళ్ళీ అడగరని, కింద ఏం రాసుకున్నారో అదే చదువుకుంటారని నాకు తెలుసు. షనీస్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆమె పెదవులు కదుపుతూ ఆ వాక్యాన్ని మనసులో అనుకుంటోంది, పరీక్షకు వల్లె వేసుకున్నట్టు. నేను చెప్పబోయి నోరు మూసుకున్నాను. మిగిలిన రొట్టె ముక్కను రేకు కాగితంలో చుట్టడం మొదలుపెట్టాను.

ఆమె లేచి నిలబడింది. చాలా దూరం పోవాలంది. కాస్త సిగ్గుపడుతూ అక్క వైపు తిరిగింది.

"బాత్రూముకి వెళ్ళాలి. ఒకసారి లోపలికి రావచ్చా?"

అక్క కూడా లేచింది. తలుపు దాకా వెళ్ళింది. పిడి మీద చెయ్యి వేసింది. తీస్తుందనే అనుకున్నాను. మా అమ్మ కూతురు కదా. ఆ చెయ్యి పిడి మీద బిగుసుకుపోయి, పిడి లోపల ఇనుము టకటకమనడం నాకు వినబడింది. ఆమె అటువైపే ముఖం పెట్టి, తలుపుకు చెబుతున్నట్టు చెప్పింది.

"మలుపు దాటగానే పెట్రోలు బంకు ఉంది తల్లీ. అక్కడ శుభ్రంగానే ఉంటుంది."

షనీస్ కారు తాళాలు తీసుకుంది. నొచ్చుకుందో, అర్థం చేసుకుందో తెలియలేదు. నేను రేకు కాగితపు పొట్లం ఆమె చేతిలో పెట్టాను. మెట్లు దిగి వెళ్ళింది. కారు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. ఎడమచేత్తో ఆ పొట్లాన్ని ఛాతీకి ఆనించి పట్టుకునే కారు నడుపుకుంటూ పోయింది. అది కూడా నాకు గుర్తుండిపోతుంది.

వెనక్కి తిరిగేసరికి అక్క ఇంకా తలుపు దగ్గరే ఉంది. పిడి వదల్లేదు. లోపలికి పోదాం పద అన్నాను. ఆమె కదల్లేదు. నేను వెళ్ళి ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను.